ఇరవై కయాకులున్నా మీ కయాకులో మీరొక్కరే

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఏడేళ్ళుగా చెన్నైలో ఉద్యోగం, షోలింగనల్లూరులో కాపురం. చిన్నప్పుడు కాలవగట్టున గాలం వేసినవాణ్ణే. ఈమధ్య ముట్టుకాడు బ్యాక్‌వాటర్స్‌లో నాలుగైదుసార్లు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడిపాను. ఆఫీసులో ఒక స్నేహితుడు కయాక్ మీద చేపలు పట్టే బృందంలో ఉన్నాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం చెన్నై పక్కనున్న కోవళం దగ్గర ఇరవై మంది దాకా కలిసి సముద్రంలోకి వెళ్తున్నారట, నన్నూ రమ్మంటున్నాడు. కయాక్ వాళ్ళే అద్దెకి ఇప్పిస్తారు. అపార్ట్‌మెంట్ పూల్‌లో ఈత నేర్చుకున్నాను. నాకు వెళ్ళాలనే ఉంది, మా ఆవిడకి మాత్రం ఒకటే టెన్షన్. ఇరవై మంది ఉంటారు, భయమేముంది అంటే వినడం లేదు. ఊళ్ళో అమ్మ నీటితో చెలగాటం వద్దంటోంది. వెళ్ళమంటారా? రాడ్, రీల్ ఎలాంటివి కొనమంటారు?
— షోలింగనల్లూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం:

వెళ్ళండి. కానీ మొదటిసారి గాలం ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.

ఈ మాట మీకు నచ్చదని తెలుసు. చేపల కోసం వెళ్తూ గాలం వద్దంటే ఎలా అంటారు. మీరు ఇప్పటిదాకా కయాక్ నడిపింది ముట్టుకాడు నీళ్ళలో. అక్కడ అల లేదు, ఒడ్డు ఎప్పుడూ కంటికి కనిపిస్తూనే ఉంటుంది. సముద్రంలో కూర్చోవడం, తెడ్డు వేయడం, తిరిగి ఒడ్డుకి రావడం ఈ మూడూ కొత్త. వాటికి తోడు చేతిలో రాడ్, కొక్కేలు, ఎర, చిక్కుపడే దారం, కాళ్ళ దగ్గర గిలగిల్లాడే చేప కూడా చేరితే మనసు ఎన్నిటి మీద పెడతారు? మొదటి ఆదివారం సముద్రాన్నీ, ఆ బృందాన్నీ చూసి రండి. రెండోసారికి గాలం తీసుకెళ్దురుగాని. రాడ్, రీల్ గురించి అప్పుడే మాట్లాడుకుందాం. అప్పటికి ఎవరి రాడ్ అయినా చేతిలో పట్టుకుని చూసి ఉంటారు కాబట్టి డబ్బు వృథా కాదు.

ఇక మీ ఆవిడ సంగతి. ఆమె భయం సరైనదే. మీరు చెప్పిన జవాబే సరైనది కాదు. "ఇరవై మంది ఉంటారు" అన్న మాటని నేను కూడా ఒకప్పుడు నమ్మాను. పదకొండేళ్ళ కిందట ఇలాంటి బృందంతోనే చెన్నైకి దక్షిణాన సముద్రంలోకి వెళ్ళాను. పద్నాలుగు కయాకులు. గంటసేపు అందరం ఒకచోటే ఉన్నాం. అంతలో దూరాన పిట్టలు గుంపుగా నీళ్ళ మీద పడుతున్నాయి. పిట్టలు పడ్డచోట చిన్న చేపలు, వాటి కింద పెద్ద చేపలు ఉంటాయి. అందరూ అటు తెడ్లు వేశారు. నా కొక్కెం కయాక్ అడుగున ఎక్కడో తగులుకుంది. దాన్ని విడిపిద్దామని పక్కకి వంగాను. అంతే, నీళ్ళలో ఉన్నాను.

లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి మునగలేదు. కానీ కయాక్ మీదికి ఎక్కడం ఎప్పుడూ సాధన చేసి ఉండలేదు. మూడుసార్లు ఎక్కబోయాను, మూడుసార్లూ అది నా మీదికే తిరగబడింది. చేతులు పీకేశాయి. అరిస్తే వినబడేంత దగ్గరలో ఎవరూ లేరు. చివరికి వల తీసుకుని తిరిగొస్తున్న ఒక ఫైబర్ పడవ వాళ్ళు చూసి నన్ను పైకి లాగారు. అందులో ఒక పెద్దాయన నా మొహం చూసి అడిగిన మొదటి మాట: "కూడ వందవంగ ఎంగప్పా?" నీతో వచ్చినవాళ్ళు ఎక్కడయ్యా అని. నా దగ్గర జవాబు లేదు. బృందంవాళ్ళకి నేను లేనన్న సంగతి ఒడ్డుకొచ్చి కయాకులు బండ్ల మీదికి ఎక్కించేటప్పుడు తెలిసింది.

వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఎవరు ఎవర్ని చూసుకోవాలో ముందు అనుకోలేదు, అంతే. ఇరవై మందిలో ప్రతివాడూ మిగతా పందొమ్మిది మంది చూస్తున్నారులే అనుకుంటాడు. అందుకే మీ స్నేహితుణ్ణి ఏ చేపలు పడుతున్నాయని అడిగే ముందు కొన్ని ప్రశ్నలు అడగండి. ముందు ఎవరు వెళ్తారు, అందరికన్నా వెనక ఎవరుంటారు? వెనక ఉండేవాడు గాలం వేస్తాడా? వేస్తే అతను వెనక ఉన్నట్టు కాదు. కొత్తవాళ్ళకి జోడీ ఎవరు? ఎంత సేపటికోసారి తలలు లెక్కపెడతారు? ఒకరు వెనక్కి తిరగాలనుకుంటే ఒంటరిగా పంపిస్తారా, తోడు వస్తారా? గాలి పెరిగితే ఆపేద్దాం అని చెప్పే అధికారం ఎవరిది? వీటికి టకటకా జవాబులు చెప్పే బృందమైతే నిశ్చింతగా వెళ్ళండి. "అదంతా అక్కడికెళ్ళాక చూసుకుందాం బ్రో" అంటే ఆ ఆదివారం ఇంట్లో ఉండండి. ఇంకో ప్రశ్న కూడా మొహమాటం లేకుండా అడగండి: రాత్రి పార్టీ చేసుకుని పొద్దున్నే నీళ్ళలోకి దిగే అలవాటు ఉందా అని. ఉంటే మరి ఆలోచించక్కర్లేదు, వెళ్ళొద్దు.

సైగలు కూడా ముందే అనుకోవాలి. తెడ్డుని తల మీద అడ్డంగా పట్టుకుంటే ఆగమని, నిలువుగా ఎత్తితే రమ్మని, ఎత్తి అటూ ఇటూ ఊపితే సాయం కావాలని చాలాచోట్ల వాడతారు. విజిల్ మూడుసార్లు ఊదితే ఆపద అని. మీ బృందానికి వేరే సైగలుంటే అవే నేర్చుకోండి. అందరికీ ఒకటే తెలిసి ఉండడం ముఖ్యం. విజిల్‌ని లైఫ్ జాకెట్‌కే కట్టుకోండి. సంచిలో పెట్టిన విజిల్ సంచితోనే పోతుంది.

ఇప్పుడు అసలు పని. ఫిబ్రవరి లోపల రెండు ఆదివారాలు మళ్ళీ ముట్టుకాడు వెళ్ళి, కావాలని నీళ్ళలో పడండి. నిజంగానే అంటున్నాను. తోడుగా ఒకరిని పెట్టుకుని, అడుగు అందని లోతులో, లైఫ్ జాకెట్ వేసుకుని, సముద్రానికి వేసుకునే బట్టలతోనే. కయాక్ బోర్లా పడితే ముందు దాన్ని తిప్పి సరిచేయాలి. తర్వాత మధ్యభాగం దగ్గరికి వచ్చి, రెండు చేతులూ అవతలి అంచు మీద వేసి, కాళ్ళు ఈత కొడుతున్నట్టు నీటి పైకి తెచ్చి, ఒక్క ఊపులో బొజ్జ మీద పడుకున్నట్టు పైకి జారాలి. వెంటనే లేచి కూర్చోబోకండి. బొజ్జ మీదే ఉండి ఒకసారి ఊపిరి తీసుకుని, వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చుని, ఆఖరున కాళ్ళు లోపల పెట్టుకోవాలి. నేను చేసిన తప్పు చేతుల బలంతో నిలువుగా ఎక్కబోవడం. అలా ఎక్కితే కయాక్ తప్పకుండా తిరగబడుతుంది. వరసగా మూడుసార్లు ఎక్కగలిగితే మీరు సిద్ధం. ఎక్కలేకపోతే సముద్రం ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది వెళ్ళొచ్చు. పూల్‌లో ఈత రావడం మంచిదే. కానీ సముద్రంలో పడ్డవాడు ఈదుకుంటూ ఒడ్డుకి బయల్దేరకూడదు. కయాక్‌ని వదలకూడదు. నీళ్ళలో తల చిన్న చుక్కలా ఉంటుంది, రంగు కయాక్ దూరానికి కూడా కనిపిస్తుంది.

అద్దెకి తీసుకునేది పైన కూర్చునే రకమో కాదో కనుక్కోండి. సముద్రంలో వేటకి అదే కావాలి. దానికి అడుగున చిల్లులుండి, ఎక్కిన నీరు దానంతట అదే పోతుంది. మనిషి లోపల దూరి కూర్చునే రకంలో నీళ్ళు నిండితే కొత్తవాళ్ళ వల్ల కాదు. లైఫ్ జాకెట్ వేసుకుని బకిల్స్ బిగించాక మీ స్నేహితుణ్ణి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది గడ్డం దాకా వచ్చేస్తే మీ కొలత కాదు, మార్చమనండి. ఉక్క పోస్తోందని విప్పి వెనక పెట్టుకునేవాళ్ళని చూస్తారు. మీరు విప్పకండి. మా జాకెట్లు కయాకులో ఉన్నాయి అనే మాట నాకు వినడానికే భయం. 2011 డిసెంబరు 25న పళవేర్కాడు దగ్గర, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసేచోట, విహారానికి వెళ్ళిన పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. సరస్సు చాలాచోట్ల నడుం లోతు కూడా ఉండదు. కానీ ఆ మొగ దగ్గర సంగతి వేరు. పాటు వేళ లోపలి నీరంతా ఆ సందులోంచే బయటికి పోతుంది, ఎదురుగా సముద్రం అల లేస్తుంది. మీ బృందంవాళ్ళు ఎప్పుడైనా పులికాట్‌కి పిలిస్తే మొగ వైపు వెళ్ళకండి. అది పక్షుల అభయారణ్యం కూడా కాబట్టి అనుమతి తీసుకున్నారో లేదో ముందే కనుక్కోండి.

ఫిబ్రవరి ఎంచుకోవడం మంచిదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. అప్పుడు ఈ తీరంలో కయాక్ మాటే ఎత్తకూడదు. జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా పొద్దున్నపూట సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ సముద్రపు గాలి మొదలై నీళ్ళు గరుకెక్కుతాయి, అందుకే పది, పదిన్నరకల్లా ఒడ్డున ఉండాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇంకో తిరకాసు ఉంది. పడమటి గాలి పొద్దున్నుంచీ నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్ళు అద్దంలా ఉంటాయి, ఎంత బాగుందో అనిపిస్తుంది. గాలం మీద దృష్టి పెట్టి పావుగంట కూర్చుంటే చాలు, చెప్పకుండా లోపలికి తోసుకుపోతుంది. తిరిగి రావాలంటే అదే గాలికి ఎదురు తెడ్డు వేయాలి. గాలి గంటకి పదిహేను కిలోమీటర్లు దాటుతుందని సూచన ఉంటే, ఏ నెలైనా సరే, కొత్తవాళ్ళు దిగకూడదన్నది నా లెక్క.

గాలి లేకపోయినా అలలు రావచ్చు. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ రోజూ సముద్ర స్థితి సూచనలు ఇస్తుంది, ఎత్తైన అలల హెచ్చరికలూ ఇస్తుంది. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన పెద్ద అలలు రోజుల తరబడి ప్రయాణించి, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే ఒడ్డుని తాకుతాయి. మలయాళంలో దాన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని అర్థం. 2024 మే 6న కన్యాకుమారి దగ్గర బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థుల్ని మింగింది అలాంటి సముద్రమే. హెచ్చరిక ముందే ఉంది. మీరు శనివారం సాయంత్రం ఒకసారి, ఆదివారం బయల్దేరే ముందు ఒకసారి ఆ సూచనలు చూడండి. ఒడ్డుకి వెళ్ళాక వల బాగుచేసుకుంటున్న ఎవరినైనా "అణ్ణా, కడల్ ఎప్పడి ఇరుక్కు?" అని అడగండి, అన్నా, సముద్రం ఎలా ఉంది అని. ఆయన పెదవి విరిస్తే ఫోన్‌లో ఏముందన్నది పక్కన పెట్టి ఇంటికి రండి.

మన వేపు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా దెబ్బ తినేది చేపల దగ్గర కాదు, ఒడ్డు దగ్గర అలలు దాటేచోట. వెళ్ళేటప్పుడు పెద్ద అలలు వరసగా వచ్చి కాస్త విరామం ఇస్తాయి. ఒడ్డున పది నిమిషాలు నిలబడి ఆ వరసని చూడండి, విరామంలో ఎదురుగా, ఆగకుండా తెడ్డు వేస్తూ దాటండి. కయాక్ అలకి పక్కకి తిరిగిందా, దొర్లుతుంది. వచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. పడిపోతే కయాక్‌కీ ఒడ్డుకీ మధ్య ఎప్పుడూ ఉండకండి, సముద్రం వైపే ఉండండి. ముప్ఫై కిలోల కయాక్‌లో నీళ్ళు నిండి అలతో కలిసి మీ మీదికి వస్తే కాళ్ళు విరుగుతాయి. అలలు దాటేటప్పుడు ఏదీ బయట వేలాడకూడదు. గాలం తెచ్చినవాళ్ళు అప్పుడు కొక్కేలు విప్పి లోపల పెట్టుకోవాలి. పెట్టుకోనివాళ్ళకి దూరంగా ఉండండి.

రెండోసారి గాలం తీసుకెళ్ళినప్పటికి కొన్ని మాటలు. చేప ఎంత పెద్దదైనా మీ తల కయాక్ అంచు దాటి బయటికి వెళ్ళకూడదు. తల ఎటు పోతే ఒళ్ళు అటే పోతుంది. చేపనే మీ దగ్గరికి లాక్కోండి. లంగరు వేస్తే తాడు ముక్కు దగ్గరో వెనకో ఉండాలి, పక్కన కట్టారంటే ప్రవాహం కయాక్‌ని ఒక పక్కకి ముంచుతుంది. ఆ తాడు కోసుకోవడానికి కత్తి చేతికి అందేచోట ఉండాలి. పక్క కయాక్ మీదుగా గాలం విసరకండి. జెల్ల పడితే చేత్తో పట్టుకోవద్దు, దాని ముళ్ళలో విషం ఉంటుంది. తోకలో విషపు ముల్లుండే టేకు చేప (స్టింగ్‌రే) అయితే దారం కోసేసి వదిలేయడమే మంచిది. ముల్లు దిగితే ఒడ్డుకొచ్చి, చర్మం కాలనంత వేడి నీళ్ళలో ఆ భాగం ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత ఆసుపత్రికి తప్పకుండా వెళ్ళాలి. ఇంకో మాట, జనవరి నుంచి మార్చి దాకా చెన్నై తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీళ్ళ మీద తల కనిపిస్తే గాలం తీసేసి దారి ఇవ్వండి.

మీరు భీమవరం అన్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. మన చెరువుల్లో పెంచే పండుగప్ప ఉంది కదా, చెన్నైలో దాన్నే కొడువా అంటారు. దాని పిల్లల్ని హేచరీలో పుట్టించడం మన దేశంలో మొదట 1997లో సాధ్యమైంది, ఉప్పునీటి చేపల పరిశోధనా సంస్థ సిబా వాళ్ళ చేతుల్లో. వాళ్ళ కేంద్రం ఉన్నది మీరు కయాక్ నడిపిన ముట్టుకాడులోనే. సముద్రం మీకు నచ్చకపోతే, ఆ బ్యాక్‌వాటర్స్‌లోనే పండుగప్ప కోసం ప్రశాంతంగా కూర్చోవడం కూడా గొప్ప వేటే. అందులో తక్కువతనం ఏమీ లేదు.

ఒడ్డున మీ పద్ధతి గురించి కూడా చెప్పాలి. కోవళం మత్స్యకారుల ఊరు. అక్కడ ఇసుక మీద పడవలు, వలలు పెట్టుకునే చోటు వాళ్ళ పని స్థలం. ఇరవై కార్లు తీసుకెళ్ళి అక్కడ ఆపేస్తే వాళ్ళ పడవ ఎలా దిగుతుంది? మీ బృందం వాళ్ళ ఊరి పెద్దల్ని అడిగే వెళ్తోందా అని కనుక్కోండి. నీళ్ళలో వరసగా బెండ్లు, జెండాలు కనిపిస్తే కింద వల ఉన్నట్టు. దాటకండి, ఆ బెండుకి కయాక్ కట్టేసుకోవడం మరీ తప్పు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలు వేటకి వెళ్ళకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఎంతోమంది కూలి మానుకుని కూర్చునే ఆ రెండు నెలలూ సరదా వేటని కూడా ఆపుకునే బృందాలంటే నాకు గౌరవం. నన్ను నీళ్ళలోంచి లాగింది కయాక్ వాళ్ళు కాదు, వల వాళ్ళు. ఆ రుణం ఇప్పటికీ తీరలేదనే అనుకుంటాను.

మీ ఆవిడకి ఇప్పుడు చెప్పాల్సిన జవాబు ఇది. శనివారం రాత్రి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: ఎక్కడ నీళ్ళలోకి దిగుతాం, ఎంత దూరం వెళ్తాం, కయాక్ రంగు ఏమిటి, నా జోడీ ఎవరు, అతని ఇంట్లోవాళ్ళ నంబరు ఏమిటి, ఒడ్డుకి వచ్చి ఫోన్ చేసే టైమ్ ఎంత. ఆ టైమ్ దాటి అరగంటైనా ఫోన్ రాకపోతే మొహమాటపడకుండా తీర భద్రతా పోలీసులకి 1093కి, కోస్ట్ గార్డ్‌కి 1554కి చేయమనండి. మీరు ఒడ్డున కబుర్లలో పడి ఫోన్ మర్చిపోయి ఆమె నిజంగా చేసిందే అనుకోండి, కోప్పడకండి. తప్పు మీదే. మీ ఫోన్ నీరు చొరని సంచిలో మెడకో జాకెట్‌కో ఉండాలి. రెండు లీటర్లకి తక్కువ కాకుండా నీళ్ళు, టోపీ, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. చెన్నై ఎండ ఫిబ్రవరిలో కూడా నీళ్ళ మీద ఇంకా ఎక్కువగా తగులుతుంది. వాంతుల బాధ ఉంటే మాత్ర గురించి డాక్టర్ని ముందే అడగండి, కొన్ని మాత్రలు నిద్ర తెప్పిస్తాయి.

అమ్మగారితో వాదించకండి. కాలవగట్టున పెంచిన అమ్మ ఆ మాట అనకపోతే ఇంకెవరంటారు? లైఫ్ జాకెట్ వేసుకుని ముట్టుకాడులో నీళ్ళలో పడి మళ్ళీ ఎక్కుతున్న వీడియో ఒకటి తీసి పంపండి. మూడోసారి ఎక్కాక ఆమె మాట కాస్త మెత్తబడుతుంది.

వెళ్ళొచ్చాక నాకు మళ్ళీ రాయండి. ఎవరికి ఎంత చేప పడిందో అక్కర్లేదు. ఆ మూడు గంటల్లో మీవాళ్ళు తలలు ఎన్నిసార్లు లెక్కపెట్టారో రాయండి.